చెక్కకో లెక్క

బల్లయినా, మంచమయినా, పుస్తకాల అరయినా చేయించేటప్పుడు అందరం ‘ఏ చెక్క?’ అని అడుగుతాం. ‘ఎంత మందం?’ అన్నది మాత్రం మేస్త్రీకి వదిలేస్తాం. ఇంట్లో వస్తువు ఇరవై ఏళ్లు నిలబడుతుందా, రెండేళ్లకే కుంగుతుందా అన్నది ఎక్కువగా ఆ రెండో ప్రశ్న దగ్గరే తేలుతుంది.

కొత్త ఫ్లాట్లోకి దిగినప్పుడు హాల్లో గోడ పొడవునా చేయించిన పుస్తకాల అరలు మొదటి ఏడాది చూడముచ్చటగా ఉంటాయి. రెండో వానకాలం దాటేసరికి వాటి నడుములు కిందికి దిగుతాయి. పుస్తకాలు మధ్యకు ఒరుగుతాయి. ఎవరో సలహా ఇస్తే చెక్కను తిరగేసి బిగిస్తారు. కొన్నాళ్లకు అటువైపూ దిగుతుంది. ‘నాసిరకం చెక్క అంటగట్టాడు’ అని వడ్రంగి మీద నిష్టూరాలు మొదలవుతాయి. ఆ అరను ఊడదీసి చూస్తే చాలాసార్లు చెక్క బాగానే ఉంటుంది. దాని కింది ఆధారాలు మరీ ఎడంగా ఉంటాయి, అంతే.

మందం ఎంతుంటే బలం అంత అన్న నమ్మకం మనలో గట్టిగా పాతుకుపోయింది. అందుకే స్తోమత ఉన్నవాళ్లు రెండంగుళాల పలక అడుగుతారు, లేనివాళ్లు మేస్త్రీ ఏది వేస్తే అదే పదివేలు అనుకుంటారు. ఇద్దరూ మొదట అడగాల్సింది వేరే ఉంది. ఈ చెక్క ఆధారం లేకుండా ఎంత దూరం నిలవాలి? దాని మీద ఎంత బరువు పడుతుంది? అది ఏ జాతి చెక్క? ఈ మూడూ తేలాకే మందం సంగతి. అందులోనూ దూరానిది పెద్దపీట.

విరగదు, వంగుతుంది

పాత మండువా ఇళ్లలో గొలుసులకు వేలాడే ఉయ్యాల బల్లను తీసుకుందాం. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, గొలుసుల మధ్య అయిదడుగుల పైచిలుకు దూరం. దాని మీద ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే దాదాపు 200 కిలోలు. అంగుళం మందం టేకు పలక ఈ బరువుకు విరుగుతుందా? విరగదు. ముడులూ పగుళ్లూ లేని మంచి టేకు విరగాలంటే ఇంతకు పదింతల బరువు కావాలి. కానీ అదే పలక నడుమ అర అంగుళానికి పైగా వంగుతుంది. ఊగుతున్నప్పుడు ఆ వంపు ఇంకా పెరుగుతుంది. కూర్చున్నవాళ్లకు కింద ఏదో జారుతున్నట్టు ఉంటుంది. అదే బల్ల ఒకటిన్నర అంగుళాలుంటే వంపు 4 మిల్లీమీటర్లకు, రెండంగుళాలుంటే 2 మిల్లీమీటర్ల లోపుకు దిగుతుంది. ఉయ్యాల బల్లకు లావు చెక్క అడగడంలో ఇంత అర్థం ఉంది.

ఇంట్లోని చెక్క సామాను దాదాపు అంతా ఇంతే. విరిగిన అర, విరిగిన బల్ల అరుదు. కుంగిన అర ప్రతి వీధిలోనూ కనిపిస్తుంది. కాబట్టి మందం ఎంచుకునేటప్పుడు విరుగుతుందా అని కాకుండా ఎంత వంగుతుంది అని చూడాలి. అడుగు పొడవుకు అర మిల్లీమీటరు దాకా వంగితే కంటికి ఆనదు, అది దాటితే కనిపిస్తుంది అన్నది చెక్కపని చేసేవాళ్లలో ఉన్న ఒక మోటు లెక్క. మూడడుగుల అరకు ఒకటిన్నర మిల్లీమీటరు అన్నమాట.

రెండో ఆధారం ఎంత దూరంలో

ఇప్పుడు పుస్తకాల అర లెక్క చూద్దాం. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న పార్టికల్ బోర్డు. మాడ్యులర్ సామానులో ఎక్కువగా వచ్చేది ఈ కొలతే. మీటరు పొడవున పుస్తకాలు నిలబెడితే పాతిక కిలోల బరువు తేలిగ్గా ఉంటుంది. నిఘంటువులు, వైద్య, న్యాయ గ్రంథాలయితే ఇంకా ఎక్కువ. ఈ బరువుకు ఆ అర నడుమ దాదాపు 6 మిల్లీమీటర్లు కుంగుతుంది. అది మొదటి రోజు సంగతి. బరువు అలాగే ఉంటే చెక్క నెలల తరబడి కొద్దికొద్దిగా లొంగుతూనే ఉంటుంది. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్‌ లాంటివి అసలు చెక్క కంటే ఎక్కువ లొంగుతాయి. గాలిలో తేమ పెరిగే వానకాలంలో మరీను. ఆరు మిల్లీమీటర్లు కాలక్రమంలో పన్నెండు కావడం వింత కాదు.

దీన్ని ఎలా సరిచేయాలి? ఎవరికైనా ముందు తట్టేది మందం పెంచడం. 18ని 25 మిల్లీమీటర్లు చేస్తే కుంగుబాటు రెండు మిల్లీమీటర్లకు దిగుతుంది. మంచిదే. మరి అదే 18 మిల్లీమీటర్ల బోర్డును ఉంచి, ఆధారాల మధ్య దూరాన్ని మూడడుగుల నుంచి రెండడుగులకు తగ్గిస్తే? ఒక మిల్లీమీటరు పైచిలుకు మిగులుతుంది. అంటే ఒక నిలువు పలక అదనంగా పెడితే, అరలన్నిటికీ మందం పెంచిన దానికంటే ఎక్కువ ఫలితం వచ్చింది. పది అరల బీరువాకు అన్ని అరలూ లావుగా చేయించడం ఒక ఖర్చు, ఒకటో రెండో నిలువు పలకలు పెంచడం ఇంకో ఖర్చు. ఏది తక్కువో ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు.

దీని వెనకున్న సూత్రాన్ని గుర్తుంచుకోవడం కష్టం కాదు. మందం రెట్టింపయితే చెక్క గట్టిదనం ఎనిమిదింతలవుతుంది. అర నిండా సమంగా బరువున్నప్పుడు ఆధారాల మధ్య దూరం రెట్టింపయితే కుంగుబాటు పదహారింతలవుతుంది. వెడల్పు రెట్టింపు చేస్తే గట్టిదనం రెట్టింపు మాత్రమే. సివిల్ ఇంజినీరింగ్ చదివిన పిల్లలకు మొదటి ఏళ్లలోనే చెప్పే లెక్క ఇది. ఫర్నిచర్ చేయించేటప్పుడు మాత్రం ఎవరమూ దాన్ని బయటికి తీయం.

ఈ లెక్క అందరికీ అందాలనే నా తాపత్రయం. తెలియక అడిగే ప్రతి అదనపు అర అంగుళం వెనకా ఓ చెట్టు ఉంది. తోటల్లో పెంచిన టేకు కూడా మంచి చేవ పట్టడానికి దశాబ్దాలు తీసుకుంటుంది. దాన్ని అవసరం లేని చోట పలకలు పలకలుగా పరచడం నాకు బాధగా ఉంటుంది.

పడుకోబెట్టిన చెక్క, నిలబెట్టిన చెక్క

పాత ఇంటి కప్పు కిందికి వెళ్లి దూలాలను చూడండి. వాటి లోతు వెడల్పు కంటే ఎక్కువగా ఉంటుంది. చెక్కను అలా నిలువుగా నిలబెడితే తక్కువ కలపతో ఎక్కువ బరువు మోయించవచ్చని ఆ పనివాళ్లకు చేతి అనుభవంతో తెలుసు. గెలీలియో 1638లో అచ్చయిన తన చివరి గ్రంథంలో ఇదే విషయాన్ని తర్కించాడు. ఒకే పట్టీని బల్లపరుపుగా పెట్టినప్పటి కంటే అంచు మీద నిలబెట్టినప్పుడు ఎందుకు ఎక్కువ బరువుకు తట్టుకుంటుందో నిరూపించాడు.

ఇంటి పనిలో దీన్ని వాడుకోవడం చాలా సులువు. ఇందాకటి మూడడుగుల పార్టికల్ బోర్డు అరనే తీసుకోండి. దాని ముందు అంచుకు ఒకటిన్నర అంగుళం లోతు, ముప్పాతిక అంగుళం మందం ఉన్న టేకు పట్టీని నిలువుగా అంటించి మరలు బిగించండి. అర గట్టిదనం మూడింతలు దాటుతుంది. ఆరు మిల్లీమీటర్ల కుంగుబాటు రెండు లోపుకు వస్తుంది. వెనక అంచును గోడకు బిగించిన సన్న పట్టీ మీద ఆనిస్తే ఇంకా తగ్గుతుంది. బోర్డు మందం ఒక్క మిల్లీమీటరు కూడా పెంచకుండానే ఇంత ఫలితం. పైగా ముందు నుంచి చూసేవాళ్లకు అది ఒకటిన్నర అంగుళాల లావు టేకు అరలా కనిపిస్తుంది.

డైనింగ్ టేబుల్ కింద నాలుగు వైపులా కాళ్లను కలుపుతూ నిలువుగా బిగించే పట్టీల పనీ ఇదే. ఆరడుగుల బల్లకు ఆ పట్టీలుంటే అంగుళం మందం టేకు పైపలక హాయిగా సరిపోతుంది. పట్టీలు తీసేసి కాళ్ల మీద నేరుగా పలక పెడితే అంగుళం చాలదు. మధ్యలో ఓ మనిషి కూర్చుంటే అయిదు మిల్లీమీటర్ల దాకా దిగుతుంది. అప్పుడు ఒకటిన్నర, రెండంగుళాలు కావాలి.

మన నవారు మంచాన్ని చూసినా ఇదే తెలివి కనిపిస్తుంది. అందులో పలక అన్నదే లేదు. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. బరువంతా నవారు మోస్తుంది. నవారు బిగువుకు పట్టెలు లోపలికి వంగకుండా వాటిని నిండుగా చేస్తారు. కలప ఎక్కడ కావాలో అక్కడే ఉంది.

ఏ చెక్కకు ఎంత

ఒకే మందంలో అన్ని చెక్కలూ ఒకేలా నిలబడవు. వంపును తట్టుకోవడంలో మంచి టేకు పార్టికల్ బోర్డుకు దాదాపు నాలుగింతలు. ప్లైవుడ్ ఈ రెంటికీ నడుమ ఉంటుంది. ఎండీఎఫ్ పార్టికల్ బోర్డు కంటే కొంచెం మెరుగు. అయినా దాన్ని అరగా వాడితే దూరం తగ్గించాల్సిందే. నల్లమద్ది, తుమ్మ టేకు కంటే బరువు. మామిడి చవక, కోత కూడా తేలిక, కానీ శుద్ధి చేయకపోతే పుచ్చుతుంది. పుచ్చినదానికి ఎంత మందం ఉంటే ఏం?

నా అంచనాలో పుస్తకాల అరకు 18 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు అయితే ఆధారాల మధ్య రెండడుగులు దాటకూడదు. అదే మందం మంచి ప్లైవుడ్ అయితే రెండున్నర, మూడడుగుల లోపు. ముప్పాతిక అంగుళం టేకు అయితే మూడడుగులు. బట్టల అరలకు ఇంత కచ్చితం అక్కర్లేదు, మడతపెట్టిన బట్టల బరువు తక్కువ. వంటింట్లో పప్పుల డబ్బాలు, ఇత్తడి గిన్నెలు, కుక్కర్లు పెట్టే అరలను మాత్రం పుస్తకాల అరల్లాగే చూడాలి.

ప్లైవుడ్, బ్లాక్ బోర్డు విషయంలో కోత దిక్కును ఎవరూ పట్టించుకోరు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉండే షీటులో పై పొర నార సాధారణంగా పొడవు వైపే నడుస్తుంది. బ్లాక్ బోర్డు లోపల సన్నని చెక్క పట్టీలను వరసగా పేర్చి పైనా కిందా పొరలు అంటిస్తారు. ఆ పట్టీల వెంట కోసిన అరకు మంచి గట్టిదనం ఉంటుంది. షీటు మిగులుతుందని అడ్డంగా కోస్తే పట్టీలన్నీ పొట్టి ముక్కలుగా పడి, మోసే పని దాదాపు పై పొరలదే అవుతుంది. అదే మందం, అదే కంపెనీ, అదే ధర. ఒక అర నిలుస్తుంది, పక్కది కుంగుతుంది. షీటు కోసే రోజు దగ్గరుండి ‘అర పొడవు పట్టీల వెంటే రావాలి మేస్త్రీ’ అని ఒక్క మాట చెప్పడం ఖరీదైన బోర్డు కొనడం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంట్లో ఎక్కడ ఏ మందం

అంగుళంలో ఎనిమిదో వంతును మన పనివాళ్లు చాలాచోట్ల సూత్ అంటారు. ఆరు సూత్‌లంటే ముప్పాతిక అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. వార్డ్‌రోబ్‌లు, వంటింటి కప్‌బోర్డుల పెట్టె భాగానికి ఇప్పుడు అందరూ వాడే 18, 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అదే. దానికి ఓ కారణముంది. పలక అంచులోకి మర బిగించాలంటే మర రెండు పక్కలా తగినంత చెక్క ఉండాలి. 12 మిల్లీమీటర్ల అంచులోకి మర దింపితే పొరలు విచ్చుకుంటాయి. తలుపులకు వాడే దాపుడు కీలుకు 35 మిల్లీమీటర్ల వెడల్పు గుంట తవ్వుతారు. దాని లోతు 11, 12 మిల్లీమీటర్లు. తలుపు 16 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ గుంట వెనక మిగిలేది సన్నని పొరే. కాబట్టి పెట్టెకూ తలుపుకూ ఖర్చు తగ్గించాలని మందం కోసేయొద్దు.

తగ్గించగలిగిన చోట్లు వేరే ఉన్నాయి. వెనక పలకకు 6 మిల్లీమీటర్లు చాలు. దాని పని బరువు మోయడం కాదు, పెట్టె పక్కకు ఒరగకుండా నాలుగు మూలలనూ పట్టి ఉంచడం. అయితే దాన్ని చుట్టూ గాడిలో దింపి బిగించాలి, ఊరికే మేకులు కొట్టి వదిలేయకూడదు. సొరుగు పక్కలకు 12 మిల్లీమీటర్లు సరిపోతాయి. సొరుగు అడుగుకు స్పూన్లయితే 6, కుక్కర్లూ పెనాలూ అయితే 9 లేదా 12. సామాను దాచుకునే పెట్టె మంచానికి పరుపు కింద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేస్తే, కింద అడుగున్నర, రెండడుగులకో అడ్డపట్టీ తప్పనిసరి. అడ్డపట్టీలు లేకుండా 18 వేసినా నడుమ దిగుతుంది. ఇక్కడా దూరం సంగతే.

పైకప్పు దాకా వెళ్లే వార్డ్‌రోబ్ తలుపుల సమస్య వేరు. ఏడెనిమిది అడుగుల తలుపు బరువుకు కుంగదు, మెలితిరుగుతుంది. చాలాసార్లు తప్పు మందంలో ఉండదు. బయటివైపు ఒక మిల్లీమీటరు ల్యామినేట్ అంటించి, లోపల డబ్బు ఆదా అని రంగు పూసి వదిలేస్తారు. ఒకవైపు తేమ పీల్చుకుంటుంది, రెండోవైపు పీల్చుకోదు. తలుపు విల్లులా వంగుతుంది. లోపలా పలచని ల్యామినేట్ అయినా వేస్తే రెండు వైపులా సమంగా ఉంటుంది. అంత ఎత్తు తలుపుకు 19 మిల్లీమీటర్ల బ్లాక్ బోర్డు, పట్టీలు నిలువుగా నడిచేది, నాకు నచ్చిన ఎంపిక. 25 వేస్తే మెలిక ఇంకా తగ్గుతుంది గానీ, ఆ బరువుకు కీళ్లు పెంచాలి.

డూప్లెక్స్ ఇళ్లలో చెక్క మెట్లు వేయించేవాళ్లకు ఒక మాట. రెండు కొసలా ఆధారం ఉండే మూడడుగుల మెట్టుకు ఒకటిన్నర అంగుళం గట్టి చెక్క ఉండాలి. కాలి కింద మెట్టు కదిలితే ముసలివాళ్లకు భయం. ఇక్కడ పొదుపు వద్దు.

ఇక కొనే దగ్గర జాగ్రత్త. 18 అని రాసి ఉన్న షీటు కొలిస్తే పదహారు చిల్లర రావడం బజారులో కొత్త కాదు. ఒకటిన్నర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. మందం లెక్క ఘనంలో నడుస్తుంది కాబట్టి 18 నుంచి పదహారున్నరకు తగ్గితే గట్టిదనంలో దాదాపు నాలుగో వంతు పోతుంది. షాపుకి వెళ్లేటప్పుడు వెర్నియర్ కాలిపర్ పట్టుకెళ్లండి. మామూలు వాడకానికి ఐఎస్ 303, నీళ్లు తగిలే చోటికి ఐఎస్ 710 గుర్తున్న షీటు అడగండి. నాలుగు మూలలా కొలవండి.

లావు పలకల మోజు

ఈ నాలుగైదేళ్లలో హైదరాబాద్, బెంగళూరు ఫర్నిచర్ షోరూముల్లో కొత్త ఆకర్షణ స్లాబ్ టేబుల్. చెట్టు మానును నిలువుగా కోసి, బెరడు అంచు వంపులు అలాగే ఉంచి, రెండు మూడు అంగుళాల మందంతో చేసిన బల్ల. నిద్రగన్నేరు, దిరిసెన, మామిడి, చింత, టేకు అన్నీ వస్తున్నాయి. పగుళ్లలో రంగు రంగుల ఎపాక్సీ పోసినవీ ఉన్నాయి.

ఈ శైలికి ఆధునిక కాలంలో ప్రాణం పోసినవాళ్లలో ముఖ్యుడు జార్జ్ నకాషిమా. 1905లో అమెరికాలో పుట్టిన జపాను సంతతి ఆర్కిటెక్ట్. ఆయన జీవితంలో ఒక ముఖ్య మలుపు మన పక్కనే, పాండిచ్చేరిలో జరిగింది. 1930ల చివర్లో ఆర్కిటెక్ట్ ఆంటొనిన్ రేమండ్ తరఫున అరవింద ఆశ్రమానికి వచ్చి, అక్కడ కడుతున్న వసతి గృహం పనిని దగ్గరుండి చూసుకున్నాడు. ఆశ్రమవాసిగా మారి సుందరానంద అన్న పేరు పొందాడు. ఆ భవనం పేరు గోల్కొండ. హైదరాబాద్ సంస్థానంలో ఉన్నత పదవిలో ఉన్న సర్ అక్బర్ హైదరీ చొరవతో అక్కడి ప్రభుత్వం ఇచ్చిన విరాళం వల్ల దానికి ఆ పేరొచ్చింది. ఆ భవనానికి టేకు సామాను రూపకల్పన కూడా నకాషిమా చేశాడు. తర్వాత రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం పశ్చిమ తీరంలోని జపాను సంతతివాళ్లతో పాటు ఆయన కుటుంబాన్నీ నిర్బంధ శిబిరంలో పెట్టింది. ఆ శిబిరంలోనే జపాను పద్ధతిలో శిక్షణ పొందిన వడ్రంగి గెంటారో హికోగావా దగ్గర ఆయన చేతిపనిలో మెళకువలు నేర్చుకున్నాడు. 1943లో విడుదలై పెన్సిల్వేనియాలోని న్యూ హోప్‌లో స్థిరపడి, పగులు పడిన మానులకు సీతాకోకచిలుక ఆకారపు చెక్క బందులు వేసి బల్లలు చేశాడు. 1964లో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థకు వచ్చి అక్కడి వర్క్‌షాపు కోసం కూడా డిజైన్లు చేశాడు.

ఆయన బల్లలను మెచ్చుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఆ పలకలను ఏళ్ల తరబడి ఆరబెట్టాకే ఆయన పనిలోకి దించేవాడు. మన బజారులో లోటు అక్కడే ఉంది.

గాలికి ఆరబెట్టే చెక్కకు అంగుళం మందానికి ఏడాది అని ఓ పాత అంచనా. రెండంగుళాల పలకకు రెండేళ్లు అనుకుంటే పొరపాటే. లోపలి తేమ బయటికి రావాల్సిన దారి పొడవయ్యే కొద్దీ సమయం అంతకు మించి పెరుగుతుంది. మూడంగుళాల పచ్చి నిద్రగన్నేరు పలకను నాలుగు నెలలు షెడ్డులో ఉంచి అమ్మితే, పైన ఎండినట్టే ఉంటుంది. రెండు మేకుల తేమ మీటరు గుచ్చితే పై పొరల సంగతే చెబుతుంది. ఆ బల్ల ఏసీ గదిలోకి చేరాక లోపలి తేమ బయటికి రావడం మొదలవుతుంది. వెడల్పు తగ్గుతుంది, నడుమ దోనెలా వంగుతుంది, కొసల్లో నెర్రెలు విచ్చుతాయి. ఇంట్లో వాడే సామానుకు చెక్కలో తేమ 8 నుంచి 12 శాతం మధ్యకు రావాలి. సముద్రం పక్క విశాఖలో కొంచెం ఎక్కువున్నా ఫరవాలేదు, హైదరాబాద్‌లో తక్కువ ఉండాలి. కొనే ముందు పలక తూకం వేసి, రెండు మూడు వారాల తర్వాత అక్కడికే వెళ్లి మళ్లీ తూచమనండి. బరువు తగ్గుతూ ఉందంటే ఆ పలక ఇంకా ఆరుతూనే ఉంది.

పూర్తిగా ఆరిన చెక్క కూడా కదులుతుంది. నార వెంట పొడవు దాదాపు మారదు. అడ్డంగా మాత్రం తేమతో ఉబ్బుతుంది, ఎండకు చిక్కుతుంది. మూడడుగుల వెడల్పు టేకు బల్ల జూలై నుంచి ఏప్రిల్ దాకా అయిదారు మిల్లీమీటర్లు కదలవచ్చు. కదలికలో టేకు మర్యాదస్తురాలు, చాలా జాతులు దీన్ని మించుతాయి. మందం పెంచితే ఈ కదలిక ఆగదు, నెమ్మదిస్తుంది. ఆగకుండా పట్టి బిగిస్తే లావు పలక మరింత బలంగా తన్నుకుని పగులుతుంది. అందుకే ఇనుప కాళ్లకు బిగించే మరల రంధ్రాలు గుండ్రంగా కాకుండా పలక వెడల్పు వైపుకు కోలగా ఉండాలి. షోరూములో బల్ల కింద వంగి చూడండి. గుండ్రటి రంధ్రాలుంటే అమ్మేవాణ్ని అడగండి.

బరువు సంగతీ ఆలోచించాలి. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండంగుళాల మందం అంటే మూడు ఘనపుటడుగుల కలప. టేకు అయితే పైపలక ఒక్కటే దాదాపు 55 కిలోలు. తుమ్మ, నల్లమద్ది లాంటివయితే 65 దాటుతుంది. కాళ్లు కలుపుకుంటే లిఫ్టు లేని మూడో అంతస్తుకి ఎక్కించడానికి నలుగురు మనుషులు కావాలి. స్లాబ్ టేబుల్ మీద మనసు పడ్డవాళ్లను నేను వద్దనను. ఒక చెట్టు నిండు వెడల్పును కళ్ల ముందు చూసుకోవడంలో ఆనందం ఉంది. కింద పట్టీలు లేకుండా సన్నని కాళ్ల మీద నిలిచే బల్లకు ఆ మందం అవసరం కూడా. అయితే ఒకటిన్నర అంగుళాలతో సరిపోయే చోట మూడంగుళాలు అడగొద్దని నా మనవి.

సామిల్లు దగ్గర

అంగుళం పలక కావాలని సామిల్లులో అడిగితే అంగుళం కోసి ఇస్తారు. దాన్ని రెండు వైపులా చిత్రిక పట్టాక ఆరు, ఏడు సూత్‌లు మిగులుతాయి. చేతికి వచ్చేసరికి నికరంగా అంగుళం ఉండాలంటే అంగుళంపావు కోయించాలి. బిల్లు కోసిన కొలతకే పడుతుంది. చెప్పేటప్పుడు ‘కోతకు ఇంత, చిత్రిక అయ్యాక ఇంత’ అని రెండు కొలతలూ చెప్పండి. మేస్త్రీతో ఒప్పందం కాగితంలోనూ చిత్రిక అయ్యాక ఉండాల్సిన మందమే రాయండి.

పొడవు పలకల్లో ఇంకో నష్టం జరుగుతుంది. ఎనిమిదడుగుల పలక కొంచెం వంగి ఉంటే మొత్తాన్ని సాపు చేయడానికి పైనుంచి కిందినుంచి బోలెడు చెక్క చిత్రికలో పోతుంది. ముందే మూడేసి అడుగుల ముక్కలుగా కోసి, తర్వాత చిత్రిక పడితే ఒక్కో ముక్కలో వంపు కొద్దిపాటిదే. మందం మిగులుతుంది. మంచి వడ్రంగులు ఇలాగే చేస్తారు. కంగారులో ఉన్నవాళ్లు పలకనంతా యంత్రంలోకి తోసేస్తారు.

పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, ద్వారబంధాల కలప దొరికితే వదులుకోవద్దు. దశాబ్దాలుగా ఆరిన చెక్క అది. ఎనిమిది అంగుళాల లోతు దూలాన్ని కోయిస్తే రంపపు కోతకు పోయింది పోగా, అంగుళం పైచిలుకు పలకలు ఆరు వస్తాయి. అదే దూలాన్ని రెండంగుళాల పైచిలుకు మందానికి కోయిస్తే మూడే. ఆరు పలకలను పక్కపక్కన అతికితే బల్ల పైభాగం వెడల్పు రెట్టింపవుతుంది. కింద నిలువు పట్టీలు వేస్తే అది లావు పలకలా గట్టిగా నిలుస్తుంది. మిల్లుకి తీసుకెళ్లే ముందు మేకులన్నీ పీకించండి. విరిగి లోపల దిగిపోయినవి అయస్కాంతం ఆనిస్తే తెలుస్తాయి. రంపం పళ్లు పోతే ఆ దూలాన్ని మిల్లువాళ్లు సగంలో ఆపేస్తారు. ఏ దూలం నుంచి ఎన్ని పలకలు, ఒక్కోటి ఎంత మందం, ఏది అరకు, ఏది బల్లకు, ఏది పట్టీకి అన్నది ముందే సుద్దముక్కతో చెక్క కొస మీద రాయించండి.